నల్ల దుమ్ము, పొయ్యి పొగ, కడుపులో బిడ్డ

బుధవారం మా ఆసుపత్రిలో గర్భిణుల ఓపీ. తూకం దగ్గర వరుస పొడుగ్గా ఉంటుంది. ఈ మధ్య ఒక బుధవారం మల్కాపురం వైపు నుంచి వచ్చిన ఒక తల్లి చెప్పులు విడిచి తూకం ఎక్కింది. అయిదో నెల, తొలి కాన్పు. ఆమె దిగాక చూస్తే తూకం పలక మీద రెండు నల్లటి పాదాల ముద్రలున్నాయి. పక్కనే ఉన్న మా విద్యార్థి నర్సు, "కాళ్ళు కడుక్కుని రావాలమ్మా" అంది. ఆ తల్లి చిన్నబుచ్చుకుంది. "కడుక్కునే వచ్చేనండి. ఇల్లు తుడిసి, కాళ్ళు కడుక్కుని, గుమ్మం దాటేసరికి మళ్ళీ ఇలాగే అయిపోతాయండి" అంది.

వెనకాల నిలబడ్డ అత్తగారు అందుకుంది. "రోజుకి మూడుసార్లు తుడుస్తాదండి సిస్టరు గారూ. ఆరేసిన బట్టల మీద, మంచాల మీద, ఆఖరికి మూత పెట్టిన గిన్నె మీద కూడా నల్ల దుమ్మేనండి. బయటే ఇంతుంటే లోపలికి ఎంత పోతందో! అందుకే పిల్లని ఇప్పుడే పుట్టింటికి పంపేద్దామనుకుంటన్నాం. మాడుగుల పక్క పల్లెటూరండి. గాలి బాగుంటాది."

పదేళ్ళ కిందట అయితే "మంచి ఆలోచన, పంపండి" అనేవాళ్ళం. ఇప్పుడు అలా అనడం లేదు. ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాం: "అక్కడ పొయ్యి ఏమిటమ్మా?" ఆ ప్రశ్న మేము ఎందుకు నేర్చుకోవలసి వచ్చిందో కొంచెం ఆగి చెబుతాం. ముందు ఆ అత్తగారి మాటకు జవాబు చెప్పుకుందాం. బయటే ఇంత ఉంటే లోపలికి ఎంత పోతుంది?

మన ఊరి మూకుడు

విశాఖపట్నం అందమైన ఊరు. ఆ అందానికి కారణమైన కొండలే గాలి విషయంలో మనకు ఇబ్బంది తెచ్చాయి. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు. దక్షిణాన యారాడ కొండ. పడమటి వైపు కూడా కొండలే. తూర్పున సముద్రం. మధ్యలో ఉన్న పల్లంలోనే పోర్టు, చమురు శుద్ధి కర్మాగారం, ఎరువుల కర్మాగారం, రైల్వే యార్డులు, వాటి చుట్టూ వేలాది ఇళ్ళు. మూకుడులో పొగ వేసినట్టు, ఇక్కడ పుట్టిన పొగ తొందరగా బయటికి పోదు. వానాకాలంలో నైరుతి గాలి, వర్షం కలిసి కొంత కడుగుతాయి. చలికాలం వచ్చిందంటే, ముఖ్యంగా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, నేల దగ్గర చల్లగాలి కదలకుండా కూర్చుంటుంది. దాని పైన వెచ్చటి గాలి మూతలా ఉంటుంది. రాత్రి పుట్టిన పొగ తెల్లవారేదాకా మన ముక్కుల ఎత్తులోనే తిరుగుతూ ఉంటుంది.

ఇది ఒక్కరోజులో వచ్చిన కథ కాదు. పోర్టు 1933లో మొదలైంది. చమురు శుద్ధి కర్మాగారం 1957లో, ఎరువుల కర్మాగారం 1960లలో వచ్చాయి. ఉక్కు కర్మాగారాన్ని 1992లో జాతికి అంకితం చేశారు. 2000 తర్వాత పరవాడ దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం, ఆ తర్వాత గంగవరం పోర్టు వచ్చాయి. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి 43 చోట్ల పరిస్థితి తీవ్రంగా ఉందని తేల్చింది. అందులో విశాఖ ఒకటి. 2010 జనవరిలో అటువంటి ప్రాంతాల్లో కొత్త పరిశ్రమలకు కొంతకాలం అనుమతులు ఆపారు. 2019లో కేంద్ర ప్రభుత్వం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో మన రాష్ట్రం నుంచి విజయవాడ, గుంటూరు, నెల్లూరు, కర్నూలుతో పాటు విశాఖ కూడా చేరింది.

ఇవన్నీ మన కుటుంబాలకు అన్నం పెట్టినవే. ఈ పత్రిక చదివే ఇళ్ళలో పోర్టులోనో, ఉక్కులోనో, లోడింగులోనో పని చేసేవాళ్ళు లేని ఇల్లు తక్కువ. మేము ఎవరినీ వేలెత్తి చూపడానికి రాయడం లేదు. ఒకరి గుమ్మం ముందు పడిన దుమ్ము నిల్వ చేసిన బొగ్గు నుంచి వచ్చిందో, టార్పాలిన్ కప్పని లారీ నుంచి వచ్చిందో, తవ్వి వదిలేసిన రోడ్డు నుంచి లేచిందో చెప్పడం నర్సుల పని కాదు. అది లోపలికి వెళ్ళాక ఏం చేస్తుందో చెప్పడం మా పని.

కనిపించేదాని కంటే కనిపించనిదే ఎక్కువ చేటు

తూకం మీద ముద్ర వేసిన ఆ నల్ల దుమ్ము ముతక రకం. అది గొంతు గరగరలాడిస్తుంది, కళ్ళు మండిస్తుంది, దగ్గు తెప్పిస్తుంది. కానీ దానిలో చాలా భాగాన్ని ముక్కులోని వెంట్రుకలు, చీమిడి, గొంతులోని తేమ పట్టి ఆపుతాయి. పొద్దున్నే ముక్కు చీదితే నల్లగా వస్తుందని భయపడుతూ వచ్చేవాళ్ళకు మేము అదే చెబుతాం: అది ఆగిపోయిన దుమ్ము, అంతవరకు మంచిదే.

ఆగనిది వేరే ఉంది. దాన్ని పి.ఎం. 2.5 అంటారు. ఆ సూక్ష్మకణం రెండున్నర మైక్రాన్లు, లేదా అంతకంటే చిన్నది. మన తల వెంట్రుక మందం సుమారు 50 నుంచి 70 మైక్రాన్లు. అంటే వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. ఇది ముఖ్యంగా మండిన వాటి నుంచి వస్తుంది: డీజిలు, బొగ్గు, కట్టె, చెత్త, చుట్ట. కంటికి కనపడదు, గుడ్డకు అంటదు, ముక్కులో ఆగదు. ఊపిరితిత్తుల్లో చివరి గాలి గదుల దాకా పోతుంది. వాటిలో మరీ చిన్నవి అక్కడి నుంచి నెత్తురులోకి దిగుతాయి.

మన దేశంలో 2009లో పెట్టిన ప్రమాణం ప్రకారం ఏడాది సగటున ఒక ఘనపు మీటరు గాలిలో ఈ సూక్ష్మకణాలు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన సలహాను 5కు తగ్గించింది. రెండింటి మధ్య ఎంత దూరం ఉందో చూడండి. బోర్డు మీద "ప్రమాణాల లోపలే ఉంది" అని రాసినంత మాత్రాన ఆ గాలి గర్భిణికి మేలని అర్థం కాదు.

గర్భిణి అందరికంటే ఎక్కువ గాలి పీలుస్తుంది. నెలలు నిండేకొద్దీ ఆమె నిమిషానికి పీల్చే గాలి మామూలు కంటే 30 నుంచి 50 శాతం పెరుగుతుంది. "కూర్చున్నా ఆయాసమే సిస్టరు గారూ" అనేది అందుకే. గాలితో పాటు అందులో ఉన్నదీ అంతే ఎక్కువగా పోతుంది.

మాయ దాకా

మేము నర్సింగు చదువుకున్న రోజుల్లో మాయను గోడలా చెప్పేవారు. తల్లి వైపు చెడు బిడ్డ వైపుకి పోకుండా ఆపే గోడ. కాన్పు అయ్యాక మాయ పూర్తిగా వచ్చిందా లేదా అని పళ్ళెంలో తిప్పి చూడడం మా చేతులకు అలవాటైన పని. ఆ పని వేలసార్లు చేశాం గానీ అందులో మసి ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

2019లో బెల్జియం దేశపు శాస్త్రజ్ఞులు కాన్పు అయిన తల్లుల మాయలను ప్రత్యేకమైన సూక్ష్మదర్శినిలో చూసి, బిడ్డ వైపు పొరలో కూడా మసి కణాలు ఉన్నట్టు కనుగొన్నారు. గర్భంలో ఉండగా ఎక్కువ కాలుష్యంలో బతికిన తల్లుల మాయల్లో మసి ఎక్కువగా ఉంది. 2022లో వాళ్ళే స్కాట్లండు శాస్త్రజ్ఞులతో కలిసి ఇంకో అడుగు వేశారు. గర్భస్థ శిశువు కాలేయంలో, ఊపిరితిత్తుల్లో, మెదడులో కూడా ఆ కణాలు కనిపించాయి. ఒక్క ఊపిరి కూడా పీల్చని శిశువు ఊపిరితిత్తుల్లో మసి! ఆ వార్త చదివిన రోజు మా డ్యూటీ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కణాలు చేరడం ఒక ఎత్తు. వాటి వల్ల తల్లి ఒంట్లో వచ్చే మార్పు ఇంకో ఎత్తు. బయటి వస్తువు నెత్తురులోకి వచ్చిందని ఒళ్ళు ఎదురు తిరుగుతుంది. రక్తనాళాల లోపలి పొర వాచినట్టవుతుంది. మాయలోని సన్నటి నాళాలకూ అదే గతి. అవి ఇరుకైతే బిడ్డకు చేరే నెత్తురు తగ్గుతుంది, బరువు పెరగడం మందగిస్తుంది. నొప్పులు ముందే మొదలై నెలలు నిండకుండా కాన్పు కావచ్చు. తల్లికి బి.పి. పెరిగి, పాతవాళ్ళు గుర్రపు వాతం అనే స్థితి దాకా పోయే అవకాశం కూడా కాలుష్యంతో పెరుగుతుందని చాలా దేశాల్లో పరిశోధనలు చూపించాయి.

ఇక పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడు సంగతి. మన నెత్తురులోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోసే బండి అనుకోండి. ఈ విషవాయువు ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఆ బండిని పట్టుకుంటుంది. దిగదు. కడుపులో బిడ్డ నెత్తురులో అది ఇంకా ఎక్కువ చేరుతుంది, ఇంకా ఆలస్యంగా పోతుంది. మన దేశంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. అసలే బండ్లు తక్కువ, ఉన్న బండ్లలో కొన్నింటిని పొగ ఆక్రమిస్తే బిడ్డకు మిగిలేది ఎంత? ఐరను మాత్రలు మానవద్దని మేము ప్రతి బుధవారం బతిమాలేది ఇందుకు కూడా. నల్లటి విరేచనం అవుతుందని, కడుపులో తిప్పుతుందని మాత్రలు పెరట్లో పారేసే తల్లులు ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఒక ఉక్కు మిల్లు కథ

మన ఊరికి దగ్గరగా తోచే ఒక సంగతి అమెరికాలో జరిగింది. అక్కడ యూటా రాష్ట్రంలో కొండల మధ్య లోయలో ఒక ఉక్కు మిల్లు ఉండేది. 1986 ఆగస్టులో కార్మిక వివాదంతో మిల్లు మూతబడింది. సుమారు పదమూడు నెలల తర్వాత, 1987లో మళ్ళీ తెరిచారు. చాలా ఏళ్ళ తర్వాత, 2008లో, కొందరు పరిశోధకులు ఆ లోయలో పుట్టిన పిల్లల రికార్డులు తీసి చూశారు. మిల్లు మూసి ఉన్న కాలంలో గర్భంతో ఉన్న తల్లులకు నెలలు నిండకుండా కాన్పు కావడం, దానికి ముందూ తర్వాతా గర్భంతో ఉన్నవాళ్ళ కంటే తక్కువగా ఉంది. బిడ్డ బరువులో మాత్రం స్పష్టమైన తేడా కనిపించలేదు.

బరువులో తేడా బీజింగులో కనిపించింది. 2008 ఒలింపిక్స్ కోసం చైనా ప్రభుత్వం కర్మాగారాలను, వాహనాలను కొన్ని వారాలు అదుపులో పెట్టింది. ఆ వారాల్లో ఎనిమిదో నెల గడిపిన తల్లుల బిడ్డలు, 2007లోనూ 2009లోనూ అదే కాలంలో పుట్టిన బిడ్డల కంటే సగటున 23 గ్రాములు ఎక్కువ బరువున్నారు. 23 గ్రాములు అంటే నవ్వుకుంటారేమో. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఎదకు కట్టుకుని కంగారూ పద్ధతిలో మోసే తల్లులను అడగండి. ఒక్క రోజులో 20 గ్రాములు పెరిగిందంటే ఆ వార్డులో పండగే.

మన పక్కనే, తమిళనాడులో 1,285 మంది గర్భిణుల మీద చేసిన పరిశీలన 2018లో వెలువడింది. గాలిలో సూక్ష్మకణాలు 10 మైక్రోగ్రాములు పెరిగితే బిడ్డ బరువు సగటున 4 గ్రాములు తగ్గింది, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టేవాళ్ళు 2 శాతం పెరిగారు. ఇవి సగటు లెక్కలు. ఒక బిడ్డ తక్కువ బరువుతో పుడితే, "ఇది గాలి వల్లే" అని ఆ తల్లితో మేము అనం. తిండి, రక్తహీనత, బి.పి., చిన్న వయసులో పెళ్ళి, కాన్పుకీ కాన్పుకీ ఎడం లేకపోవడం, ఇవన్నీ ఉంటాయి. గాలి వాటితో పాటు నిలబడి తన వంతు తోపు తాను తోస్తుంది.

మేము చేసిన పొరపాటు

ఇప్పుడు పొయ్యి సంగతి. కొన్నేళ్ళ కిందట గాజువాక వైపు నుంచి ఒక అమ్మాయి మా దగ్గర చూపించుకునేది. భర్త లారీ క్లీనరు. ఇల్లు హైవేకి ఆనుకుని ఉంది. దుమ్ము, హారన్లు, రాత్రంతా డీజిలు వాసన. ఏడో నెల రాగానే, "పుట్టింటికి వెళ్ళమ్మా, మంచి గాలి, మంచి తిండి" అని మేమే గట్టిగా చెప్పి పంపాం. సూడిదలు పెట్టి తీసుకెళ్ళారు. ముప్పై నాలుగో వారంలో నొప్పులతో తిరిగి వచ్చింది. బిడ్డ 1,900 గ్రాములు. ఇరవై రోజులకు పైగా మా దగ్గరే ఉంచవలసి వచ్చింది. దేవుని దయ వల్ల ఆ పాప దక్కింది.

ఆ ఇరవై రోజుల్లో ఒక రాత్రి ఆ అమ్మాయి తల్లితో మా సిస్టరు మాట్లాడుతూ ఉంటే సంగతి బయటపడింది. పుట్టింట్లో వంట సరుగుడు పుల్లల మీద, తాటి మట్టల మీద. వంటిల్లు వేరే లేదు, ఒకే గది. తాటాకు చూరు కింద పొగ బయటికి పోయే దారి లేదు. కూతురికి చలి తగలకూడదని ఆ పొయ్యి పక్కనే పక్క వేశారు. లారీల పొగ నుంచి తప్పించి ఆ పిల్లను మేము ఇంకా చిక్కటి పొగలోకి పంపాం. ఆ కాన్పుకి పొగే కారణమని మేము తేల్చి చెప్పలేం. ఆమెకు హిమోగ్లోబిన్ కూడా ఎనిమిదే ఉంది. కానీ అడగకుండా పంపిన తప్పు మాదే. ఆ నెల నుంచి మా గర్భిణుల చీటీలో బి.పి., బరువు, హిమోగ్లోబిన్ గళ్ళ పక్కన పెన్నుతో ఇంకో గడి గీసుకున్నాం: పొయ్యి. కట్టె, గ్యాసు, రెండూ. ఇక్కడి ఇంట్లో ఒకటి, పుట్టింట్లో ఒకటి.

2020లో వెలువడిన ప్రపంచ గాలి నివేదిక ప్రకారం 2019లో ప్రపంచంలో పుట్టిన నెలలోపు చనిపోయిన పిల్లల్లో దాదాపు 5 లక్షల మరణాలకు గాలి కాలుష్యంతో సంబంధం ఉంది. వాటిలో 1,16,000 మరణాలు మన దేశంలోవి. ప్రపంచం మొత్తం మీద ఈ మరణాల్లో సుమారు మూడింట రెండు వంతులకు కారణం ఇంటి పొయ్యి పొగే. కర్మాగారం చిమ్నీ ఊరంతటికీ కనిపిస్తుంది. పొయ్యి పొగ ఆ ఇంటి ఆడవాళ్ళకు తప్ప ఎవరికీ కనిపించదు.

అలాగని గ్యాసు బండ తెస్తే బిడ్డ బరువు పెరిగిపోతుందని మేము మాట ఇవ్వం. తమిళనాడుతో పాటు గ్వాటెమాల, పెరూ, రువాండా దేశాల్లో మూడు వేలమందికి పైగా గర్భిణుల్లో సగం మందికి గ్యాసు పొయ్యి, ఇంధనం ఇచ్చి చూశారు. 2022లో ఫలితం చెప్పారు. తల్లులు పీల్చే సూక్ష్మకణాలు దాదాపు మూడో వంతుకు తగ్గాయి, కానీ బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. గ్యాసు ఇచ్చింది గర్భం వచ్చి మూడు నాలుగు నెలలు అయ్యాక. మాయ రూపు దిద్దుకునేది మొదటి నెలల్లో కాబట్టి అప్పటికే ఆలస్యమై ఉండవచ్చని ఒక ఆలోచన ఉంది. అందుకే మా సలహా ఇది: పొయ్యి మార్చదలచుకుంటే సీమంతానికి కాదు, పెళ్ళికే మార్చండి. మన రాష్ట్రంలో 1999లో దీపం పథకంతోనూ, 2016 నుంచి ఉజ్వల పథకంతోనూ చాలా ఇళ్ళకు గ్యాసు వచ్చింది. వచ్చిన బండను చుట్టాలు వచ్చినప్పుడు టీ పెట్టడానికి దాచి, రోజూ వంట కట్టెల మీద చేసే ఇళ్ళు మాకు తెలుసు. ఖర్చు భయం మాకూ తెలుసు. కనీసం ఇంట్లో గర్భిణి ఉన్న ఆ తొమ్మిది నెలలైనా రోజువారీ వంట గ్యాసు మీద పెట్టండి. అదీ కుదరకపోతే కట్టెల పొయ్యిని పెరట్లోకి, ఆరుబయటికి మార్చండి. ఎండు కట్టెలే వాడండి. పొయ్యి ఊదే పని గర్భిణికి అప్పగించకండి.

పొగ ఇంకా ఎక్కడెక్కడ

మన తీరం పల్లెల్లో పెద్దవాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాలుస్తారు. దానివల్ల అంగిలికి క్యాన్సరు వస్తుందని మన ఊరి వైద్యులు 1950లలోనే రాశారు. కాల్చే అవ్వ సంగతి సరే, ఆమె పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీసే గర్భిణి కోడలు కూడా ఆ పొగే పీలుస్తోంది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగతాగడం నేరం. ఇంట్లో ఆ చట్టం లేదు. అందుకని ఇంట్లో ఆ మాట చెప్పవలసింది మగవాళ్ళు, అదీ ముందు తమ సిగరెట్టు ఆర్పి.

దోమల చక్రం ఒకటి కాలితే వచ్చే సూక్ష్మకణాలు 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో ఒక పరిశోధన లెక్క కట్టింది. మలేరియా, డెంగీ ఉన్న ఊరు మనది. దోమల్ని వదిలేయమని ఎలా చెబుతాం? దోమతెర కట్టుకోండి. గర్భిణికీ పసిబిడ్డకీ దానికి మించిన మందు లేదు.

సాంబ్రాణి గురించి రాస్తే అమ్మమ్మలకు కోపం వస్తుందని తెలుసు. బాలింత జుట్టు ఆరడానికి, బిడ్డకు జలుబు చేయకుండా అని పొగ వేస్తారు. ఆ ప్రేమను మేము కాదనం. బిడ్డను మెత్తటి పొడి గుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించి పడుకోబెడితే అంతకంటే వెచ్చదనం ఉండదు. పొగ మాత్రం బిడ్డ ముక్కుకి చేరనివ్వకండి. ఇక పురిటి గది తలుపులు, కిటికీలు బిగించి మంచం కింద బొగ్గుల కుంపటి పెట్టే అలవాటు ఉంది చూశారా, అది మాత్రం వద్దే వద్దు. ఇందాక చెప్పిన కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే తల్లీబిడ్డల ప్రాణం తీయగలదు.

గ్యాసు లీకైతే

2020 మే 7న తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. నిద్రలోంచి లేచి చీకట్లో ఎటు పరిగెత్తాలో తెలియక పడిపోయినవాళ్ళే ఎక్కువ. పారిశ్రామిక వాడల దగ్గర ఉండే ప్రతి కుటుంబం ఈ నాలుగు మాటలు ముందే అనుకుని ఉండాలి. ఘాటు వాసన రాగానే తడిగుడ్డ ముక్కుకి కట్టుకోవాలి. గాలి ఎటు వీస్తోందో చూసి, వాసన వచ్చే వైపుకి అడ్డంగా పక్కకు తప్పుకోవాలి. స్టైరీన్ లాంటి ఆవిరి గాలి కంటే బరువు, నేలబారున పాకుతుంది కాబట్టి పల్లానికి కాకుండా మిట్టకు పోవాలి. ఇంట్లో గర్భిణిని ముందు పంపాలి. తర్వాత ఆమె "నాకేం లేదు, బాగానే ఉన్నాను" అన్నా సరే, బిడ్డ గుండె చప్పుడు చూపించుకోవాలి.

రోజువారీ జాగ్రత్తలు

మమ్మల్ని ఎక్కువగా అడిగేది నడక గురించి. నెలలు నిండుతున్నాయని తెల్లవారుజామున నాలుగున్నరకే రోడ్డెక్కే తల్లులున్నారు. చలికాలంలో ఆ వేళ గాలి చాలా చెడ్డగా ఉంటుంది. ఎండ కాస్త ఎక్కాక, లేదా సాయంత్రం సముద్రపు గాలి తిరిగాక, లారీలు తిరగని సందులో నడవండి. ఇంట్లో స్మార్ట్‌ఫోను ఉంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో ఆ రోజు గాలి అంకె చూడవచ్చు. 100 లోపు ఉంటే నడవవచ్చు. 200 దాటితే ఆ రోజు ఇంట్లోనే నడక చాలు.

దుమ్మును పొడి చీపురుతో ఊడిస్తే అది లేచి ముక్కులోకే వస్తుంది. తడిగుడ్డతో తుడవాలి, ఆ పని గర్భిణి కాక వేరొకరు చేస్తే మంచిది. బొగ్గు, సిమెంటు, వెల్డింగు పనులు చేసి వచ్చే మగవాళ్ళు గుమ్మంలోనే బట్టలు మార్చి, స్నానం చేసి ఆమె దగ్గరికి రావాలి. ఆ బట్టలు ఆమెతో దులిపించకండి. ముఖానికి చీర కొంగు, బట్ట మాస్కు ముతక దుమ్మును ఆపుతాయి గానీ సూక్ష్మకణాలను ఆపవు. రద్దీ రోడ్డు మీద ప్రయాణం తప్పకపోతే బిగువుగా కూర్చునే ఎన్-95 మాస్కు వాడవచ్చు. ఆయాసం అనిపిస్తే తీసేయాలి.

ఇంకొక ముఖ్యమైన మాట. ఉబ్బసం ఉన్న తల్లులు గర్భం రాగానే, బిడ్డకు చేటని, పీల్చే మందు మానేస్తున్నారు. అది పెద్ద తప్పు. తల్లికి ఊపిరి ఆడకపోతే బిడ్డకు ఆడదు. డాక్టరు గారు చెప్పకుండా ఇన్‌హేలరు ఆపకండి. బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పి, కళ్ళు మసకబారడం, ముఖం వాపు ఉన్నా, నెలలు నిండకుండా నడుము నొప్పులు వచ్చినా, ఉమ్మనీరు పోయినా, బుధవారం దాకా ఆగకండి. మా లేబరు గది రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. బండి దొరకకపోతే 108కి ఫోను చేయండి.

మల్కాపురం అత్తగారు పోయిన బుధవారం మళ్ళీ వచ్చింది. ఈసారి కోడల్ని కూర్చోబెట్టి తానే ముందుకు వచ్చి, "అడిగేనండి. ఫోను చేసి అడిగేను" అంది. వియ్యపురాలి ఇంట్లో గ్యాసు ఉందట, వంట దాని మీదేనట. "స్నానానికి నీళ్ళు మాత్రం కట్టెల మీదేనండి, అదీ పెరట్లోనేనండి" అని, కొంచెం ఆగి, "మరి ఆ ముసలాయన చుట్ట కాలుస్తాడండి" అంది. ఎవరని అడిగితే కోడలి తాతగారట. చుట్ట ఆరుబయట కాల్చుకోమని ఆయనకు ఎవరు చెప్పాలా అని ఇద్దరు వియ్యపురాళ్ళూ తర్జనభర్జన పడుతున్నారు. హిమోగ్లోబిన్ 9.6 నుంచి 10.4కి వచ్చింది. చీటీలో పుట్టిల్లు గడి దగ్గర "గ్యాసు" అని రాసి, పక్కనే చిన్న అక్షరాలతో "తాతగారు" అని రాసుకున్నాం. ఏడో నెల స్కానింగు చూశాకే ప్రయాణం. అంతదాకా ప్రతి రెండో బుధవారం రమ్మన్నాం.